అవ్వ పుట్టినిల్లు ఎక్కడ?

మా ముత్తాతది ఏ ఊరని అడిగితే ఇంట్లో అందరూ చంద్రగిరి వైపు చెయ్యి చూపిస్తారు. కాగితాలు మాత్రం మద్రాసు వైపు చూపిస్తాయి. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడక ముందు తిరుపతి, చంద్రగిరి, పలమనేరు ఉత్తర ఆర్కాటులో ఉండేవి. మదనపల్లె, వాయల్పాడు కడపలో. ఆనాటి రికార్డు కావాలంటే ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ గడప తొక్కక తప్పదు. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది, 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది.

భూమి ఉన్నవాళ్లకు సెటిల్‌మెంటు రిజిస్టర్లు, అడంగళ్లు ఉన్నాయి. భూమి లేనివాళ్ల సంగతి? కూలికి ఓడెక్కినవాళ్ల జాడ ఒక్కోసారి ఊళ్లో మిగిలినవాళ్ల జాడకంటే తేలిగ్గా దొరుకుతుంది. 1860 నవంబరులో మద్రాసు నుంచి కూలీలతో ట్రూరో ఓడ దక్షిణాఫ్రికాలో నాటాల్ రేవైన డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా నాటాల్‌కు వెళ్లిన లక్షన్నరకు పైబడిన కూలీల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు, ఒంటిమీది గుర్తులు కూడా రాశారు. ఉత్తర ఆర్కాటు అందులో ఎన్నోసార్లు కనిపిస్తుంది. ఊరిపేర్లు గుమస్తా చెవికి వినబడినట్టు రాసినవి. పైకి చదివితేనే మన ఊరు పోల్చుకోగలం.

నన్ను బాధపెట్టేది ఆడవాళ్ల సంగతి. పట్టాలో వాళ్ల పేరు అరుదు, పెళ్లితో ఇంటిపేరు మారిపోతుంది. అందుకే రిజిస్టర్ల కంటే ముందు అవ్వల దగ్గర కూర్చోవాలంటాను. పుట్టినిల్లు ఏది, వాళ్లమ్మ పుట్టినిల్లు ఏది, చిన్నప్పుడు ఏ ఊరి గంగమ్మకు పొంగళ్లు పెట్టేవారు? ఇవి చెప్పగలిగినవాళ్లు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు.