పలమనేరు వానకు సముద్రం లెక్క

పలమనేరు వాళ్లు సముద్రం చూడాలంటే మొగిలి ఘాట్ దిగి, చిత్తూరు దాటి, చెన్నై దాకా పోవాలి. అయినా ఇక్కడి టమోటా రైతుకు బంగాళాఖాతంతో పేచీ తప్పదు. 2021 నవంబరులో అక్కడ పుట్టిన వాయుగుండాలు చిత్తూరు జిల్లాను ముంచెత్తాయి. తోటల్లోనే కాయ కుళ్లింది. మదనపల్లె మార్కెట్లో కిలో వంద దాటింది. అమ్ముకోవడానికి పంట మిగిలితే కదా!

ఆ సముద్రం కడుపులో ఏముందో లెక్క రాసిపెట్టే ఆఫీసు తీరంలో లేదు. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉంది. పేరు ఇన్‌కాయిస్. 1999లో ఏర్పాటైన జాతీయ కేంద్రమిది.

ఉపగ్రహానికి సముద్రం పైపొరే కనిపిస్తుంది. తుపానుకు బలం మాత్రం కింద ఎంత లోతు వరకు వేడి ఉందన్నదాన్ని బట్టి వస్తుంది. అందుకే ఆర్గో యంత్రాలు. ఇవి వెయ్యి మీటర్ల లోతున ప్రవాహంతో పాటే కదులుతుంటాయి. పది రోజులకోసారి రెండు వేల మీటర్ల దాకా దిగి, పైకొస్తూ నీటి వేడిని, ఉప్పదనాన్ని కొలుస్తాయి. పైకి తేలగానే ఆ అంకెల్ని ఉపగ్రహానికి పంపి మళ్లీ మునుగుతాయి. ప్రపంచమంతటా ఇలాంటివి నాలుగు వేల దాకా ఉన్నాయి. మన దేశం వదిలిన వాటి లెక్కలు ఇన్‌కాయిస్‌కే చేరతాయి.

అసలు పని అప్పుడు మొదలవుతుంది. నెలల తరబడి నీళ్లలో నానిన యంత్రానికి నాచు పడుతుంది, ఉప్పదనం తప్పు చూపిస్తుంది. చూసేవాళ్లు ఆ అంకెను కొట్టేయరు. పక్కన గుర్తు పెడతారు... 1 అంటే మంచిది, 4 అంటే పనికిరానిది. ఎక్కడ, ఎప్పుడు, ఏ యంత్రంతో కొలిచారో రాసి ఉండకపోతే ఎంత ఖరీదైన అంకె అయినా చిత్తు కాగితమే. మన రెవెన్యూ రికార్డులతో తిప్పలు పడ్డవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఆర్గో లెక్కలు ఒక రోజులోపే ప్రపంచంలో ఎవరికైనా ఉచితం. దాచుకుంటే ఏమవుతుందన్న ప్రశ్నకు 2004 డిసెంబరు 26ను మించిన జవాబు లేదు. సుమత్రా దగ్గర భూమి కంపించాక మన తూర్పు తీరానికి అల రావడానికి రెండు గంటలకు పైగా పట్టింది. అంత వ్యవధి ఉండీ హెచ్చరిక అందలేదు. హిందూ మహాసముద్రంలో సునామీ హెచ్చరిక ఏర్పాటే లేదు. ఒక్క మన దేశంలోనే పది వేల మందికి పైగా పోయారు. 2007 అక్టోబరులో సునామీ హెచ్చరిక కేంద్రం ఇన్‌కాయిస్‌లోనే మొదలైంది. 2011 నుంచి చుట్టుపక్కల దేశాలకూ కబురు పంపుతోంది. అయితే అన్ని కొలతలూ అందరికీ ఇవ్వరు. దేశ భద్రతతో ముడిపడినవి కొన్నుంటాయి. అక్కడ పట్టు అవసరమే కానీ, పరిశోధక విద్యార్థికి అది గోడ కాకూడదు.

రుతుపవనాల అంచనా వేసే కంప్యూటర్ నమూనాలకూ ఈ సముద్రపు లెక్కలే తొలి మెట్టు. ఈసారి వాన మామూలుగా ఉంటుందా, తగ్గుతుందా అన్నంత వరకే వాటి సాయం. పలమనేరులో ఏ చేనుపై ఎన్ని చినుకులన్నది వాటిలో ఉండదు. నారు ఇప్పుడే నాటాలా, వారం ఆగాలా అన్నది రైతు మబ్బు చూసి తేల్చుకోవాల్సిందే.