మైనపు దారం, తెరమీది కుంచె

బస్తర్ ఇత్తడి బొమ్మకు ఒంటినిండా గీతలే. ఏనుగు వీపుమీద, నంది మెడచుట్టూ పురిత్రాళ్ళవలె, జడలవలె సాగే ఆ గీతలను ఎవరూ చెక్కరు. అవి తొలుత మైనపు దారాలు. కొండగావ్ ప్రాంతపు ఘడ్వా పనివారు మట్టితో లోపలి రూపం చేసి, ఆరనిచ్చి, దానిపై సన్నని మైనపు దారాలను పక్కపక్కన అంటిస్తారు. మళ్ళీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన చోటికి కరిగిన ఇత్తడి దిగుతుంది. పైమట్టిని పగులగొడితే బొమ్మ. 1926లో మొహెంజొదారోలో దొరికిన నర్తకి విగ్రహమూ ఇట్లా పోత పోసినదే. మన ఆదిలాబాదు ఓజ కళాకారులదీ ఇదే విద్య.

నేను వృత్తిరీత్యా అనువాదకురాలిని. ఈ శిల్పాలపై ఒక చిన్న ఇంగ్లీషు పుస్తకాన్ని తెనిగిస్తూ, పుటల అంచులకు నగిషీ కూడా నేనే సమకూర్చవలసి వచ్చింది. షేక్‌స్పియర్ చదివినదానికి ఈ కంప్యూటర్ బొమ్మలేమిటని ఇంట్లో నవ్వారు.

వెక్టర్ చిత్రలేఖనంలో గీత అంటే కొన్ని బిందువులు, వాటి మధ్య వంపులను తెలిపే గణితం. ఆ గీత వెంబడి మన నమూనాను పరిచే సాధనమే నమూనా బ్రష్. ఇలస్ట్రేటర్‌లో దానికి ఐదు బిళ్ళలుంటాయి: గీత నడిమికి, బయటి మూలకు, లోపలి మూలకు, మొదలుకు, చివరకు ఒక్కొక్కటి. పురిత్రాడులో ఒక్క మెలిక గీస్తే చాలు. దాని కుడి అంచు ఎడమ అంచుతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలియాలి. ఆపైన ఎంత పొడవు గీసినా త్రాడు తానే పేనుకుంటుంది.

చిక్కంతా మలుపులవద్ద. అక్కడ మెలిక బయటివైపు సాగి, లోపలివైపు నలుగుతుంది. కొలత కుదరనప్పుడు బిళ్ళను సాగదీయాలా, మధ్య ఖాళీ విడవాలా, గీతనే కొంచెం జరపాలా అన్నది మనమే తేల్చి చెప్పాలి. పుస్తకం పనిమీద కొండగావ్ వెళ్ళినప్పుడు ఒక పనివాడు ఏనుగు చెవి అంచున ఈ మూడూ ఒకేసారి చేయడం చూశాను. వేలికొసతో దారాన్ని కొంచెం లాగాడు, కొంచెం జరిపాడు, ఒకచోట సందు వదిలేశాడు. మిగిలిన తునకను గోటితో గిల్లి, గుండ్రని చుక్కగా చుట్టి చివరన అంటించాడు. నా బ్రష్‌కు చివరి బిళ్ళ ఆ చుక్కే.

అంచులు కుదిరాక ప్రచురణకర్తలు ఆ బ్రష్‌నే పంపమన్నారు, ఇతర పుస్తకాలకూ పనికివస్తుందని. నాకు సంకోచం కలిగింది. ఆదిలాబాదు డోక్రాకు 2018లో, బస్తర్ డోక్రాకు అంతకు మునుపే భౌగోళిక గుర్తింపు లభించింది. అది ఆ పేరును కాపాడుతుందే గాని, తెరమీదికెక్కిన మెలికను కాపాడదు. ఘడ్వావారి అచ్చు ఒక్క బొమ్మతో పగిలిపోతుంది. నా బ్రష్ పగలదు. శుభలేఖలమీదా, మిఠాయి డబ్బాలమీదా అదే మెలిక ఎంతకాలమైనా సాగవచ్చు. అట్టమీద అనువాదకుల పేరు లేని పుస్తకాలు నాకు కొత్త కావు. అందుచేత ఈ సంగతిలో నా పట్టుదల కొంత ఎక్కువేనేమో.

గీతలను విడి ఆకారాలుగా మార్చి, పూర్తయిన అంచులను మాత్రమే పంపాను. నమూనా ఎక్కడిదో, ఎవరి చేతిదో తెలిపే ఒక వాక్యమూ, ఆ పనివానికి కొంత పారితోషికమూ కోరాను. పారితోషికానికి ఒప్పుకున్నారు. వాక్యానికి చోటు లేదన్నారు. నాలుగో పుటలో సగం ఖాళీగా ఉన్నదని తిరిగి వ్రాశాను.