బలం చేతిలో లేదు

పిల్లలూ, టేబుల్ టెన్నిస్‌లో ఫోర్‌హాండ్ అంటే మీకు తెలిసే ఉంటుంది. బ్యాటు పట్టిన చేతివైపు వచ్చిన బంతిని, అరచెయ్యి ముందుకు ఉండేటట్టుగా కొట్టే దెబ్బ అది. ఈ దెబ్బకు బలం ఎక్కడినుంచి వస్తుందని అడిగితే మీలో చాలామంది "చేతినుంచి" అంటారు. కాని అది నిజం కాదు.

జగ్గయ్యపేటకు దగ్గరలో కృష్ణ ఒడ్డున వేదాద్రి ఉన్నది కదా? అక్కడ నేను పిల్లలచేత ఈ ఆట ఆడిస్తూంటాను. వారిలో ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె ఉన్నది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో, సింగిల్స్ పోటీలో చివరి 16 మందిలో నిలిచిన మన హైదరాబాదు అమ్మాయి ఆకుల శ్రీజ బొమ్మను ఆమె తన నోటుపుస్తకంలో అంటించుకున్నది. ఆటంటే అంత ఇష్టం! కాని ఆమె గట్టిగా కొడితే బంతి బల్ల దాటిపోయేది, మెల్లగా కొడితే నెట్‌కు తగిలేది. ఒకనాడు ఆమె బ్యాటు బల్లమీద పెట్టేసి, "మాస్టారూ, నా చేతుల్లో బలం లేదు. రేపటినుంచి నేను రాను," అన్నది.

నేను పిల్లలందరినీ రేవుకు తీసుకుపోయాను. అక్కడ బక్కపలచని ముసలాయన ఒకడు విసురువల వేస్తున్నాడు.

"ఆయన చేతులు కాదు, నడుము చూడండి," అన్నాను.

ఆయన కాళ్ళు ఎడంగా పెట్టి, మోకాళ్ళు కాస్త వంచి, నడుము పక్కకు తిప్పి, గిరుక్కున ముందుకు తిరిగాడు. చెయ్యి నడుము వెంట వచ్చింది. వల గొడుగులాగా విచ్చుకుని నీళ్ళమీద పడింది.

ఫోర్‌హాండ్ కూడా ఇంతే. కుడిచేతివాళ్ళు కుడికాలు కొంచెం వెనక్కు పెట్టాలి. నడుము కుడివైపుకు తిప్పితే బ్యాటు దానంతట అదే వెనక్కు పోతుంది. తరవాత ఒంటి బరువు ఎడమకాలిమీదికి తెస్తూ నడుము ముందుకు తిప్పాలి. బంతి పైకి లేచినప్పుడు, ఒంటికి కాస్త ముందుగా బ్యాటుకు తగలాలి. బ్యాటు కిందినుంచి పైకీ, ముందుకూ పోయి నుదుటి ఎదుట ఆగాలి. ఎడమచేతివాళ్ళు దీన్నే అటుదిటు చేసుకోవాలి.

బ్యాటు కిందినుంచి పైకి రాసుకుంటూ పోతే, బంతి ముందుకు దొర్లుతున్నట్టు గిర్రున తిరుగుతుంది. అలా తిరిగే బంతి తన చుట్టూ పోయే గాలిని పైకి మళ్ళిస్తుంది. గాలి తిరిగి బంతిని కిందికి నెడుతుంది. దీన్నే మాగ్నస్ ప్రభావం అంటారు. అందుచేత 15.25 సెంటీమీటర్ల నెట్‌ను దాటిన బంతి, బల్ల దాటిపోకుండా వంగి బల్లమీదే పడుతుంది. బంతి బరువు 2.7 గ్రాములే! దానికి కండబలం ఎందుకు?

ఆ అమ్మాయి ఇంట్లో బల్ల లేదు. అయినా రోజూ పెరట్లో, బంతి లేకుండా, యాభైసార్లు నడుము తిప్పి బ్యాటు ఊపింది. పెద్దపిల్లల చేతిలో ఇప్పటికీ ఓడుతూనే ఉన్నది. కాని ఆమె గట్టిగా కొట్టిన బంతి బల్లమీదే పడుతున్నది. ఆట మానేస్తాననే మాట మళ్ళీ ఎత్తలేదు.

మీరూ ప్రయత్నించి చూడండి. బల్ల లేకపోయినా ఫరవాలేదు, బ్యాటు లేకపోతే అట్టముక్క చాలు. మొదట మెల్లగా, సరిగా తిరగటం నేర్చుకోండి. వేగం తరవాత దానంతట అదే వస్తుంది.