మేనత్త పోలిక

మాది కూచిపూడి అని చెబితే చాలు, ఎదుటివారి చూపు తిన్నగా నా పాదాల మీదికి పోతుంది. ఈ ఊళ్ళో అందరూ గజ్జెలతోనే పుడతారని లోకం నమ్మకం కాబోలు! నేను నాలుగడుగులు వేశాక ఆ చూపు మర్యాదగా పక్కకు తప్పుకుంటుంది. నా ఎడమకాలు కుడికాలికన్నా 2 సెంటీమీటర్లు పొట్టి. చిన్నతనంలో మోకాలి దగ్గర ఎముక విరిగి, అక్కడ ఎదుగుదల ముందే ఆగిపోయింది.

కుంటినడక అందరికీ కనిపిస్తుంది. నిలబడటంలోని అవస్థ మాత్రం ఎవరికీ కనిపించదు. కాళ్ళు సమానంగా ఉన్నవారు నిలబడితే కండరాలకు అట్టే పని ఉండదు. మోకాళ్ళు తిన్నగా ఉంటే బరువంతా ఎముకలే మోస్తాయి. ఒళ్ళు ముందుకు తూలకుండా పిక్కలు కాస్త కనిపెట్టుకుని ఉంటాయి, అంతే.

మాబోటివాళ్ళకు ఆ సుఖం లేదు. పొట్టికాలి వైపు తుంటి కిందికి దిగుతుంది. తల నిటారుగా ఉండాలంటే వెన్నెముక వంగాలి. అది వద్దనుకుంటే రెండు దారులున్నాయి. పొట్టికాలి మడమ ఎత్తితే పిక్క బిగుసుకుపోతుంది. పొడుగుకాలి మోకాలు వంచితే తొడ కండరం క్షణం విడవకుండా మోయాలి. ఏ దారిన పోయినా సుంకం తప్పదు. చారు మరిగేలోగా నా నడుము అంతకంటే ఎక్కువ మరిగిపోయేది! అందుకే ఇప్పుడు నా చెప్పులో మడమ కింద బెండు అట్టా, వంటింట్లో ఎడమపాదం కింద పలుచని చెక్కా ఉంటాయి. సెంటీమీటరు లోపు తేడా చాలామందికి ఉంటుంది. వారిలో ఎక్కువమందికి ఆ సంగతే తెలియదు.

అసలు గొడవ మా అన్నయ్య కూతురి విషయంలో వచ్చింది. దానికి 11 ఏళ్ళు. ఇత్తడిపళ్ళెం అంచున కాళ్ళుంచి తరంగం ఆడాలని దాని ఆశ. కాని సమపాదంలో నిలబెడితే ఒక పక్కకు ఒరిగేది.

“అన్నీ మేనత్త పోలికలే! ఇక నాట్యం మానిపించండి” అంది మా వదిన, నా ఎదుటే.

“విరిగిన ఎముక వంశంలో దిగదు వదినా!” అన్నాను.

అన్నయ్యకు ‘మయూరి’ సినిమా గుర్తుచేశాను. 1981లో ప్రమాదంలో కాలు పోగొట్టుకున్న సుధా చంద్రన్ జైపూరు పాదంతో మళ్ళీ నాట్యం చేశారు. ఆ సినిమాలో తన కథను తానే నటించారు. పోయిన కాలితోనే నాట్యం సాగినప్పుడు, కొలిచైనా చూడని కాలికి శిక్ష ఏమిటి?

ఇంకో బంధువు, నాకున్నట్టే పిల్లకూ చెప్పులో అట్ట పెట్టించమన్నారు. నేను ఒప్పుకోలేదు. విజయవాడ తీసుకువెళ్ళాం. ఎముకల డాక్టరుగారు పిల్లను పడుకోబెట్టి, తుంటి ముందున్న ఎముక దగ్గర నుంచి చీలమండ లోపలి గుబ్బదాకా రెండు వైపులా టేపుతో కొలిచారు. రెండు కాళ్ళూ సమానమే! నడుము పక్కన కండరాలు బిగిసి ఒక తుంటిని పైకి లాగుతున్నాయట. “కొలవకుండా అట్ట పెట్టి ఉంటే లేని వంకర తెచ్చిపెట్టినట్టయ్యేది” అన్నారాయన.

నెలల తరబడి వ్యాయామం చేయించాం. అది రోజూ ఏడ్చేది, రోజూ చేసేది.

పిల్లలు ఒంటికాలి మీద బరువు మోపి ఒరిగి నిలబడితే, “సరిగ్గా నిలబడు!” అని కసురుతాం. పదేపదే అదే పక్కకు ఒరుగుతుంటే కసరడం మాని కొలిపించడం మేలు. ఎముక పొట్టిదైతే ఒక ఉపాయం, కండరం బిగిస్తే ఇంకొకటి.

మా పిల్ల ఇప్పుడు పళ్ళెం ఎక్కుతోంది.

“ఏమి మొండితనం! అంతా మేనత్త పోలికే” అంటోంది వదిన.

ఈసారి మాత్రం నేను కాదనలేదు.