ఒక పక్క మాడు, ఒక పక్క పచ్చి

పొయ్యి దగ్గర పదేళ్లు నిలబడ్డ ఏ ఇల్లాలికైనా ఒక సంగతి తెలుసు: మంట ఎప్పుడూ అన్ని వైపులా సమంగా ఉండదు. దోసె నడుమ ఎర్రగా కాలుతుంది, అంచులు తెల్లగా మిగులుతాయి. పాలగిన్నె ఒక వైపే అంటుకుంటుంది. పరమాన్నం అడుగంటుతుంటే పైన గింజ ఇంకా నలుగుతూ ఉంటుంది. మనం గరిటె తిప్పుతాం, పెనం జరుపుతాం, గిన్నె కింద ఇంకో పెనం పెడతాం. దీన్ని ఎవరూ విద్య అనరు. అదే పని మగవాళ్లు పెరట్లో ఒక ఇనుప డబ్బా ముందు నిలబడి చేస్తే దానికి పుస్తకాలు, వీడియోలు, పోటీలు, బహుమతులు!

ఎగతాళి కాదు లెండి. ఆ ఇనుప డబ్బా పుణ్యాన నేనూ కొంత తెలుసుకున్నాను. అందుకే ఈ రాత.

మా తమ్ముడు డాలస్ దగ్గర ఉంటాడు. ఇక్కడున్నప్పుడు గంటె పట్టి ఎరగడు. అక్కడ పెరడున్న ఇల్లు కొన్నాక స్నేహితులను చూసి ఆఫ్‌సెట్ స్మోకర్ ఒకటి తెచ్చుకున్నాడు. ఈ పేరు వినని వాళ్ల కోసం చెబుతాను. పడుకోబెట్టిన పీపాలాంటి పెద్ద ఇనుప గది ఒకటి, అందులో జాలీ మీద మాంసం పెడతారు. దాని కింద మంట ఉండదు. మంటంతా పక్కన అతికించిన చిన్న పెట్టెలో, దాన్ని ఫైర్‌బాక్స్ అంటారు. అక్కడ కట్టెలు మండితే వేడీ పొగా పీపాలోకి దూరి, మాంసం మీదుగా పోయి, రెండో కొసన ఉన్న గొట్టంలోంచి బయటికి పోతాయి. 225 నుంచి 250 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కన 107 నుంచి 121 డిగ్రీల వేడి మీద గంటల తరబడి మాంసం మెల్లగా మగ్గుతుంది.

వీడియో కాల్‌లో దాన్ని చూడగానే అమ్మ అంది, "ఇదేందిరా, రైలింజన్ కొన్నవా?"

నిజంగా అలాగే ఉంది. అమ్మకు ఆ పోలిక తోచడంలో వింతేమీ లేదు. డోర్నకల్ అంటేనే రైలు. 1871లో డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాక, ఆ బొగ్గును మోయడానికి వేసిన లైనే మా ఊరిని జంక్షన్ చేసింది. మా నాన్న పొగబండ్ల కాలంలో ఫైర్‌మన్‌గా చేరి, ఆ తర్వాత డీజిల్‌కు మారినవాడు. పొగబండిలోనూ అంతే: ఒక కొసన మంటపెట్టె, నడుమ గొట్టాల గుండా పోయే వేడి, ఇంకో కొసన పొగగొట్టం. తేడా అల్లా అక్కడ నీళ్లు మరుగుతాయి, ఇక్కడ కూర ఉడుకుతుంది.

మొదటిసారి వాడు కోడి తొడలు పెట్టాడు. మంటపెట్టె పక్కనున్నవి నల్లగా బొగ్గయ్యాయి, గొట్టం పక్కనున్నవి కోస్తే లోపల గులాబీ రంగు. తర్వాత మేక తొడ పెడితే ఒకే తొడ ఒక కొస మాడి, ఇంకో కొస సాగుతూ వచ్చింది. జాలీ మీద రెండు కొసలా థర్మామీటర్లు పెట్టి చూస్తే ఇటు 300, అటు 220. మూత మీదున్న ముల్లు మాత్రం నిక్షేపంగా 250 చూపిస్తోందట.

ఎందుకిలా అవుతుందో ఆలోచిస్తే తెలియని విషయమేం కాదు. వేడి గాలి పెట్టెలోంచి రావడం రావడమే దగ్గరున్న వాటిని తాకుతుంది. పైగా ఎర్రగా కాలిన పెట్టె గోడ సెగ నేరుగా వాటి మీదే పడుతుంది. వేడి గాలి పైకి లేస్తుంది కనక మూతను అంటిపెట్టుకుని పోతుంది. పోయేకొద్దీ పలుచని రేకుల్లోంచి, మూత సందుల్లోంచి చల్లారుతుంది. గొట్టం నోరు పైన ఉంటే మాంసాన్ని తాకకుండానే సగం వేడి అట్నుంచి అటే జారుకుంటుంది. మందపాటి ఇనుముతో చేసిన ఖరీదైనవి వేడిని పట్టి ఉంచుతాయి, చవకవి ఉంచవు. వాడిది చవకది.

"ఏం చేయాలె అక్కా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ చెప్పేసింది, "నడుమ పెనం పెట్టురా. దమ్ము కింద పెట్టమా?"

అంతే! బిర్యానీ దమ్ముకు పెట్టేటప్పుడు గిన్నెను నేరుగా మంట మీద పెట్టం. కింద దళసరి పెనం పెడతాం, మూత చుట్టూ పిండి అంటిస్తాం, మూత మీద నిప్పులు పోస్తాం. పెనం మంట దెబ్బ తాను తిని, వేడిని నెమ్మదిగా పంచుతుంది. పిండి ఆవిరిని బయటికి పోనివ్వదు. పై నిప్పులు కింది సెగకు జోడీ. అక్కడి వాళ్లు చేసే మార్పులన్నీ ఈ మూడింటికి చుట్టాలే. మంటపెట్టె నోటి దగ్గర ఏటవాలుగా ఇనుప పలక పెడితే, వేడి ముందు కిందికి దిగి, తర్వాత జాలీ అడుగున పరుచుకుంటుంది. మూత అంచుల్లో వేడికి తట్టుకునే తాడుపట్టీ అంటిస్తే సందులు మూసుకుంటాయి. పొగగొట్టానికి లోపలి వైపు ఒక ముక్క కలిపి జాలీ మట్టానికి దింపితే, వేడి మూతకింద నుంచి తప్పించుకోకుండా మాంసం మీదుగా పోతుంది.

వాడు మొదట పలకను మంటపెట్టె నుంచి చాలా దూరం పరిచాడు. ఈసారి రెండో కొస మాడింది! వేడంతా పలక కింద దౌడు తీసి ఆ చివర బయటపడిందన్నమాట. దానికి అక్కడ ముందే ఒక ఉపాయం ఉంది. ఒకే పెద్ద పలకకు బదులు నాలుగైదు చిన్న పలకలు వరుసగా పెట్టి, మంట దగ్గర సందులు ఇరుకుగా, దూరం పోయేకొద్దీ వెడల్పుగా వదులుతారు. దగ్గరివాళ్లకు కొంచెం, దూరంవాళ్లకు ఎక్కువ. ఇంకో రకం స్మోకర్లలోనైతే వేడి పలక కింది నుంచి ఆ కొస దాకా పోయి, పైనుంచి వెనక్కి తిరిగొచ్చి, మంటపెట్టె వైపే ఉన్న గొట్టంలోంచి పోతుంది. దాన్ని రివర్స్ ఫ్లో అంటారు.

ఏ సందు ఎంత వదలాలో తెలిసేదెలా? జాలీ నిండా బ్రెడ్డు ముక్కలు పరిచి, మూతేసి, కొన్ని నిమిషాలు ఆగి చూడాలి. ఏది ఎర్రబడిందో, ఏది తెల్లగా ఉందో అదే పటం గీసి చూపిస్తుంది. కొత్త ఓవెన్ కొన్నప్పుడు మీరూ చేసి చూడండి, పనికొస్తుంది.

పలకలు సర్దినా వేడి ఎగుడుదిగుడుగానే ఉందని మళ్లీ ఫోను. ఏం కట్టెలు వేస్తున్నావంటే, తొడంత లావు మొద్దులు రెండు ఒకేసారి పడేసి, గంటన్నర కూర్చుని క్రికెట్ చూస్తాడట. అప్పుడు నాకు నాన్న మాట గుర్తొచ్చింది. చేతగాని ఫైర్‌మన్ పారతో బొగ్గు గుట్టగా పోసి కూర్చుంటాడట. మంట అణిగి, నల్లటి పొగ చిమ్ముతుంది, ఆవిరి పడిపోతుంది. చేతనైనవాడు కొంచెం కొంచెం, మాటిమాటికీ, మూలమూలకూ పలుచగా చల్లుతాడు. గొట్టంలోంచి పొగ లేతగా ఉంటే లోపల మంట బాగున్నట్టు. ఇంజన్‌లో మంటకు అడ్డంగా ఇటుకల కమాను కూడా ఉండేదట, మంట నేరుగా గొట్టాల్లోకి దూరకుండా చుట్టు తిరిగి పోయేలా. అదీ మన పెనమే!

స్మోకర్‌కూ అదే మంత్రం. చేతిమణికట్టంత కట్టె ఒకటి, అరగంటకో ముప్పావుగంటకో. వేసేముందు దాన్ని పెట్టె మీద పెట్టి వేడిచేస్తే వెంటనే అంటుకుంటుంది. తెల్లగా చిక్కటి పొగ వస్తే మాంసం చేదెక్కుతుంది, కనిపించీ కనిపించని నీలిపొగ రావాలి. గొట్టం పూర్తిగా తెరిచి, గాలి వచ్చే వైపు తలుపుతోనే మంటను పెంచాలి, తగ్గించాలి. మంట పక్కన ఒక ట్రేలో నీళ్లు పెడితే అవి కొంత సెగను మింగుతాయి. కట్టె కూడా ముఖ్యమే. వాళ్లు ఓక్, పీకన్, మెస్కీట్ వాడతారు. ఈ మెస్కీట్ ఎవరో కాదు, మన చెరువు కట్టల మీద ముళ్లతో పెరిగే సర్కారు తుమ్మకు స్వయానా చుట్టం. రెండూ ప్రోసోపిస్ జాతే. ఇక్కడ తిట్టుకుంటూ నరికేదాన్ని అక్కడ సంచుల్లో పెట్టి అమ్ముతారు.

ఇన్ని చేసినా చివరికి మిగిలే పని ఒకటుంది: చోటు మార్చడం. చిన్నప్పుడు అమ్మ యాట మాంసం ఉప్పూ పసుపూ రాసి ఒట్టి తునకలు పెట్టేది. ముసురు పట్టి ఎండ లేకపోతే పొయ్యి పైన దండెం కట్టి పొగకు ఆరేసేది. పొద్దునా సాయంత్రం తునకల జాగా మార్చేది. పొయ్యి మీదున్నవి కొసకు, కొసనున్నవి పొయ్యి మీదికి. ఎవరూ నేర్పలేదు. అరకులో బొంగు చికెన్ చేసేవాళ్లు వెదురు బొంగును నిప్పుల మీద తిప్పుతూనే ఉంటారు కదా, అదీ ఇదే.

ఇక అసలు సంగతి. నాన్న పోయి మూడేళ్లయింది. అమ్మ నా దగ్గరే ఉంటుంది. షుగరు, బీపీ, మోకాళ్లు. రాత్రి రెండుసార్లు లేవాలి. మందుల వేళ తప్పకూడదు. అమ్మ మంచిదే. కానీ నొప్పి మనిషిని చిటపటలాడిస్తుంది, ఆ చిటపటంతా పక్కనున్నవాళ్ల మీదే పడుతుంది. ఉప్పు తక్కువైందని, గొంతు పెంచానని, ఫ్యాను ఆపలేదని. సాయంత్రం తమ్ముడు వీడియో కాల్ చేస్తే మాత్రం చీర సర్దుకుని, మొహం తుడుచుకుని, "నాకేంది బిడ్డా, మంచిగున్న" అంటుంది. దగ్గరున్నదానికి సెగ, దూరమున్నవాడికి పొగ.

వాడు చెడ్డవాడు కాదు. డబ్బు పంపుతాడు, అడక్కుండానే. గొట్టం కొసన కూర్చున్నవాడికి మంటపెట్టె దగ్గర ఎంత వేడి ఉందో తెలియదు, అంతే. మా అత్తగారింట్లో, మీ ఇళ్లలో, తల్లిదండ్రులు ఒకరి దగ్గరుండి పిల్లలు నలుగురు నాలుగు చోట్ల ఉన్న ప్రతి ఇంట్లో ఇదే కథ. దగ్గరున్నవాళ్లు మాడిపోయి మాట కరుకవుతుంది. దూరంగా ఉన్నవాళ్లు పచ్చిగా ఉండిపోతారు. తల్లి చివరి రోజుల రుచి వాళ్లకు తెలియదు. అది వాళ్లకూ నష్టమే.

ఒక ఆదివారం వాడు అన్నాడు, "మూత మీది ముల్లు చూసి ఇన్నాళ్లు అంతా బాగుందనుకున్న అక్కా. జాలీ మీద పెట్టి చూస్తే గాని తెలవలేదు."

"వీడియోల అమ్మ మొహం కూడా మూత మీది ముల్లే రా," అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత అడిగాడు, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావని. ఆ ప్రశ్న మూడేళ్లలో అదే మొదలు. నేను కోపంగా చెప్పలేదు, ఏడుస్తూ చెప్పలేదు. గంటల లెక్క చెప్పాను. బ్రెడ్డు ముక్కలు పరిచినట్టు రోజంతా వాడి ముందు పరిచాను.

అప్పట్నుంచి కొన్ని మారాయి. మందులు ఆన్‌లైన్‌లో వాడే తెప్పిస్తున్నాడు, రిపోర్టులు వాడే చూసి డాక్టరుతో మాట్లాడుతున్నాడు. రోజూ రాత్రి ఎనిమిదికి, వాడికది పొద్దున, అరగంట అమ్మతో కూర్చుంటాడు. "బాగున్నవా" అని అడగడం మానేసి "ఇయ్యాల ఏ కాలు నొస్తుంది" అని అడుగుతున్నాడు. మొదట్లో అమ్మ దాచింది, ఇప్పుడు వాడినీ కసురుకుంటోంది. ఆ అరగంట నేను స్టేషన్ రోడ్డు దాకా నడిచి వస్తాను. జనవరిలో వాడు నెల రోజులు ఒక్కడే వచ్చి అమ్మ దగ్గర ఉంటాడు. నేను హైదరాబాదులో మా అమ్మాయి దగ్గరికి పోతాను. తునకల జాగా మార్చినట్టే.

ఎంత సర్దినా ఏ స్మోకర్‌లోనూ రెండు కొసలూ అచ్చంగా ఒకేలా ఉండవట. చేయి తిరిగినవాళ్లు తమ డబ్బాలో వేడి చోటేదో తెలుసుకుని, దానికి తట్టుకునేది అక్కడ పెడతారు. కానీ గంటల తరబడి ఒక్కదాన్నే అక్కడ వదిలేయరు. కూతురు దగ్గరుంటే కూతురి మీదే ఎక్కువ భారం పడుతుంది, అది నాకు తెలుసు. నేను అడిగింది సమానం కాదు. నడుమ ఒక పెనం, అప్పుడప్పుడూ జాగా మార్పు.

వాడు వస్తున్నాడని తెలిసిన్నాటి నుంచి అమ్మ పెరట్లో మట్టిపొయ్యి వేయించమని నా ప్రాణం తీస్తోంది. వెనకటిలా పెద్ద పొయ్యి, దాని పక్కన చిన్న పొయ్యి, నడుమ గోడకు కన్నం ఉండాలట, పెద్దదాని సెగతోనే చిన్నదాని మీద పప్పు ఉడకాలట. "వానికి ఆ డబ్బా ఎందుకు, నేను చూపిస్త" అంటోంది. మోకాళ్ల నొప్పితోనే గోడ పట్టుకుని వెళ్లి, జామచెట్టు పక్కన జాగా చూసి వచ్చింది. ఇటుకలు రేపు వస్తాయి.