లాక్‌పోర్టులో మన లాకులు

చుట్టాలొస్తే నయాగరా చూపించడం ఇక్కడి తెలుగువాళ్ళకి ఆచారమైపోయింది. మేమూ నాలుగైదుసార్లు వెళ్ళాం. కిందటి వేసవిలో మా అమ్మ వచ్చినప్పుడు మాత్రం, జలపాతానికి ఇరవై మైళ్ళ దూరంలో ఉన్న లాక్‌పోర్టు అనే చిన్న ఊళ్ళో కాఫీకని ఆగాం. ఆగినవాళ్ళం సాయంత్రందాకా అక్కడే ఉండిపోయాం.

ఈ ఊరిని పుట్టించింది ఈరీ కాలవ. హడ్సన్ నది ఒడ్డున ఆల్బనీ నుంచి ఈరీ సరస్సు ఒడ్డున బఫెలో దాకా 363 మైళ్ళు. 1817 జులై 4న తవ్వకం మొదలై 1825 అక్టోబరులో పూర్తయింది. వెడల్పు 40 అడుగులు, లోతు 4 అడుగులే. న్యూయార్కు గవర్నరు డెవిట్ క్లింటన్ పట్టుబట్టి తవ్విస్తుంటే గిట్టనివాళ్ళు "క్లింటన్ గొయ్యి" అని వెక్కిరించారు. ఆ గోతిలోకి నీళ్ళు వచ్చాక, టన్ను సరుకు బఫెలో నుంచి న్యూయార్కు చేరడానికి సుమారు వంద డాలర్లయ్యే ఖర్చు పదికి దిగింది. 1820లో పదిహేను వందల జనం ఉన్న రాచెస్టరు, పిండిమరల పుణ్యమా అని 1830 నాటికి తొమ్మిది వేలు దాటింది.

నయాగరా ఏ రాతిగట్టు మీంచి దూకుతుందో ఆ గట్టే లాక్‌పోర్టులో కాలవకి అడ్డం వచ్చింది. అరవై అడుగుల ఎత్తు. దాన్ని ఎక్కడానికి అయిదు లాకులు మెట్లుమెట్లుగా కట్టారు: ఎగువకి పోయే పడవలకి ఒక వరస, దిగువకి వచ్చేవాటికి మరో వరస. ఇప్పుడు ఒక పాత వరస మిగిలింది. రెండోదాని చోట పెద్ద లాకులు రెండు పనిచేస్తున్నాయి.

మేం వెళ్ళేసరికి ఒక పడవ లోపలికొచ్చింది. తలుపులు మూశారు. నీళ్ళు వదిలారు. పడవ మెల్లిగా పైకి లేచింది. మేం అమ్మకి వివరించబోతే వినిపించుకోలేదు.

"ఇవి మన లాకులే కదర్రా! నాకు చెప్పొచ్చారు."

నిజమే. అమ్మ పుట్టిన పల్లె ఏలూరు కాలవ గట్టున ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక, కాటన్ దొర కాలవలు పొలాలకి నీరూ పడవలకి దారీ అయ్యాయి. గోదావరి నుంచీ కృష్ణ నుంచీ వచ్చిన కాలవలు ఏలూరులో కలుస్తాయి. ఇక్కడ గట్టుమీద కంచరగాడిదలు పడవని లాగితే, మన దగ్గర మనుషులే తాడు భుజాన వేసుకుని లాగేవారు. మన కాలవలు వేసవిలో కట్టేసి తొలకరికి వదులుతారు. ఇక్కడ చలికాలం కట్టేసి వసంతంలో నింపుతారు.

కాసేపయ్యాక అమ్మ అడిగింది: "వీళ్ళు తాగిందీ కాలవ నీళ్ళేనా?"

మాది వైద్యవృత్తి కనక ఆ సంగతి కొంత తెలుసు. 1819లో మాంటెజూమా చిత్తడినేలల్లో తవ్వుతూ వెయ్యిమంది దాకా కూలీలు జ్వరాలతో పడిపోయారు. దోమ సంగతి సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ తేల్చింది 1897లో. 1832లో కెనడా నుంచి కలరా దిగి, ఈ కాలవ వెంటే ఊరూరా పాకింది. పిండి వెళ్ళిన దారినే రోగమూ వెళ్ళింది. చెడుగాలి అన్నారు, తాగుబోతులకే వస్తుందన్నారు. కోహ్ ఆ క్రిమిని పట్టుకోవడానికి మరో యాభై ఏళ్ళు పట్టింది.

అమ్మ అంతా విని, రెయిలింగు పట్టుకుని నీళ్ళకేసి చూస్తూ చెప్పింది. ఆవిడ చెల్లెలు ఆరేళ్ళది, వాంతిభేదితో ఒక్క రాత్రిలో పోయిందని మాకు తెలుసు. తెలియనిది ఇది: "ఆ రోజు కాలవ నుంచి బిందె తెచ్చింది నేనే. అమ్మ నూతికి వెళ్ళమంది. దూరమని వెళ్ళలేదు."

ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదట. మేం కాకినాడలో వైద్యం చదివి కలరా మీద పరీక్షలు రాసినవాళ్ళం, ఇంట్లో ఒక్కసారీ అడగలేదు. నుయ్యి మాత్రం శుభ్రమైనదని ఎవరు చెప్పగలరు, పెద్ద పెద్ద డాక్టర్లకే తెలియని రోజులుండేవి, నువ్వు చిన్నపిల్లవి అన్నాం. ఆవిడ తలూపింది. నమ్మిందో లేదో తెలియదు. పడవ ఎగువకి సాగిపోయాక నీళ్ళకి రెండు చేతులూ జోడించింది.

మర్నాడు సిరక్యూస్ మీదుగా వచ్చాం. అక్కడ ఊరి నడుమ కాలవని పూడ్చి రోడ్డు వేసేశారు. దానికి ఈరీ బులవార్డు అని పేరు మిగిలింది. మన ఊళ్ళలోనూ లారీలొచ్చాక పడవలు పోయాయి. పూడ్చలేదు గానీ, చెత్తా గుర్రపుడెక్కా నింపుతున్నాం. ఊరికి అన్నం పెట్టిన నీటికి వీపు చూపించడం రెండు దేశాల్లోనూ ఒకటే.

ఈసారి నయాగరాకి వెళ్ళేవారు పెద్దవాళ్ళని లాక్‌పోర్టుకి తీసుకెళ్ళండి. మే నెలాఖరు నుంచి సెప్టెంబరు లోపల వెళితే పడవలు కనిపిస్తాయి. వివరించడానికి తొందరపడకండి. వాళ్ళు చెప్పేది వినండి.