చివరి మజిలీ సముద్రతీరాన

దూరప్రయాణం పెట్టుకున్నవారు మొదటి వూరును గురించి ఎంతో ఆలోచిస్తారు. చివరి వూరును గురించి ఆలోచించేవారు తక్కువ. డబ్బూ, సెలవులూ, మోకాళ్ళ సత్తువా మూడూ ఒక్కసారే తరిగిపోయే వేళకు ఆ వూరు వస్తుంది. అప్పటికి తోటివారి మామూలు మాట కూడా కాస్త కటువుగా వినిపిస్తూ వుంటుంది. అందుచేత గుంపుగా యూరపు వెళ్ళదలచిన వారికి నేను మనవి చేసేది ఒకటే. మొదటి మజిలీని కళ్ళకు వదిలిపెట్టండి, చివరిదాన్ని మాత్రం కాళ్ళను అడిగి నిర్ణయించండి.

మన పెద్దలకు ఈ సంగతి బాగా తెలుసు. 1830లో చెన్నపట్నం నుంచి పరివారంతో కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు వూరూరా బస ఎలా వున్నదీ, నీళ్ళు దొరికేదీ లేనిదీ, దినుసుల సంగతీ వ్రాసుకుంటూ వెళ్ళారు. వెంట నడిచేవారి కష్టసుఖాలు తెలిసినవారికే మజిలీ విలువ తెలుస్తుంది.

మేము ఏడుగురం వెళ్ళాము. ఒకే కాలేజీలో పదిహేనేళ్ళుగా పనిచేస్తున్న ముగ్గురం, మా ముగ్గురి ఇల్లాళ్ళు, మా లెక్కల మాస్టారి పినతల్లిగారు. ఆమెకు అరవై ఎనిమిదేళ్ళు. అందరమూ పిన్నిగారనే పిలిచేవాళ్ళం. పారిస్‌లో నాలుగు రాత్రులు, స్విట్జర్లాండులోని లూసర్న్‌లో రెండు, వెనిస్‌లో రెండు, ఫ్లారెన్సులో మూడు అని సులభంగానే తేలింది. మిగిలిన నాలుగు రాత్రులూ ఏదైనా సముద్రతీరాన విశ్రాంతిగా గడపాలని కూడా అందరమూ ఒప్పుకున్నాము. ఏ తీరమన్న దగ్గరే పేచీ వచ్చింది.

మా చరిత్ర ఉపన్యాసకుడు చింక్వె తెర్రె అన్నాడు. ఇటలీ వాయవ్య తీరాన కొండ అంచును పట్టుకుని వేలాడుతున్నట్టుండే అయిదు పల్లెలు అవి. 1997లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ స్థలాలలో చేర్చారు. పల్లె నుంచి పల్లెకు రైలు వున్నది. కాని ఆ అందమంతా ఎక్కడంలోనూ దిగడంలోనూ వున్నది. కొర్నీల్యా అనే పల్లె సముద్రానికి సుమారు 100 మీటర్ల ఎత్తున వుంటుంది. రైలు దిగి వూళ్ళోకి నడిచి వెళ్ళాలంటే దాదాపు 380 మెట్లు. అయిదింటిలోనూ కాస్త విశాలమైన స్నానతీరం వున్నది మొంతెరొస్సో ఒక్కదానికే.

మా ఆవిడ పొసితానో అన్నది. నేపుల్సుకు దక్షిణాన అమాల్ఫీ తీరంలో, రంగురంగుల ఇళ్ళు కొండమీద నుంచి సముద్రంలోకి జారుతున్నట్టు కనబడే వూరు. ఫొటోలో చూస్తే ఎవరికైనా మనసవుతుంది. అక్కడికి రైలు లేదు. సొర్రెంతో దాకా రైలులో వచ్చి, అక్కడ నుంచి కొండచరియ వెంట మలుపుల దారిలో బస్సు ఎక్కాలి, లేదా పడవలో వెళ్ళాలి. వూళ్ళో వీధి అనుకున్నది చాలాచోట్ల మెట్లవరుసే.

లెక్కల మాస్టారు ఫ్రాన్సులోని నీస్ నగరమన్నాడు. విమానాశ్రయం వూళ్ళోనే సముద్రపు ఒడ్డున వున్నదనీ, అక్కడ నుంచి వూరి మధ్యకు ట్రాము నడుస్తుందనీ ఆయన వాదం. "విశ్రాంతికి వెళుతూ విమానాశ్రయం చూసుకునేవాణ్ణి నిన్నే చూశాను" అన్నాడు చరిత్ర ఆయన.

ఇవన్నీ వింటున్న మా పక్కింటి పెద్దాయన, "భీమిలిలో లేని సముద్రం అక్కడేమున్నదయ్యా?" అని అడిగారు. ప్రశ్న సమంజసమైనదే. మన బంగాళాఖాతం కెరటాల సముద్రం. ఒడ్డున నిలబడి చూడటమే గాని, లోపలికి దిగడానికి ధైర్యం కావాలి. మధ్యధరా సముద్రంలో చాలాచోట్ల ఆటుపోట్లు అడుగు రెండడుగులకు మించవు. మన సముద్రంలో గంగా, గోదావరీ, కృష్ణా వంటి మహానదుల మంచినీరు వచ్చి కలుస్తుంది. అక్కడ వచ్చి చేరే మంచినీటికంటె ఆవిరైపోయే నీరు ఎక్కువ గనుక ఉప్పదనం హెచ్చు. దిగినవాణ్ణి నీరే తేలుస్తుంది. మనది గంభీరమైన సముద్రం, అది సాధువైన సముద్రం. అలసిపోయి వెళ్ళేవారికి రెండవదే మేలు.

వాదన ఇలా సాగుతూ వుండగా పిన్నిగారు వున్నట్టుండి, "మీకు నచ్చిన వూరే పెట్టుకోండి నాయనా. మీరు కొండలెక్కి రండి, నేను గదిలో కూర్చుంటానులే" అన్నారు. ఆమె నిష్ఠూరంగా అనలేదు. మామూలుగానే అన్నారు. అన్నవరం కొండ కాలినడకన ఎక్కిన మనిషి ఆమె. కొంతసేపు ఎవరమూ మాట్లాడలేదు. ఆ తరువాత చరిత్ర ఆయనే, "నీస్‌కే వేయండి" అన్నాడు.

ఇందులో మరొక లౌకికమైన సంగతి కూడా వున్నది. షెంగెన్ వీసాకు, ఎక్కువ రోజులు ఏ దేశంలో గడుపుతామో ఆ దేశపు కార్యాలయానికే అర్జీ పెట్టుకోవాలి. పొసితానో అయితే మా ఇటలీ రాత్రులు తొమ్మిది, ఫ్రాన్సు రాత్రులు నాలుగు. నీస్ అయితే ఫ్రాన్సు ఎనిమిది, ఇటలీ అయిదు. చివరి నాలుగు రాత్రులు మారితే అర్జీ పెట్టవలసిన గుమ్మమే మారిపోతుంది. కనుక చివరి మజిలీ సంగతి అక్కడికి పోయాక చూసుకుందామనుకోవడం కుదరదు.

ఫ్లారెన్సు నుంచి నీస్‌కు ఒక పగలల్లా పట్టింది. సరిహద్దున వెంటిమిల్యా స్టేషనులో దిగి ఫ్రెంచి బండి ఎక్కాలి. ఆనాటికి మా లెక్కల మాస్టారికీ చరిత్ర ఆయనకూ మాటలు లేవు. వెనిస్‌లో నీటిబస్సు ఎక్కవలసిన రేవు దగ్గర ఒకరు కుడి అనీ ఒకరు ఎడమ అనీ వాదులాడుకున్నారు. ఏడుగురు పదకొండు రోజులు ఒకే వేళకు లేచి, ఒకే బల్లమీద తిని, ఒకే బొమ్మ ముందు నిలబడితే ఎంతటి స్నేహమైనా నలిగిపోతుంది. పదిహేనేళ్ళ స్నేహం ఒక పడవరేవు దగ్గర తెగుతుందేమోనని నాకు నిజంగా దిగులు పట్టుకున్నది.

నీస్‌లో మొదటి ఉదయం మేము చేసుకున్న ఏర్పాటు ఒక్కటే. రాత్రి భోజనానికి తప్ప ఎవరూ ఎవరికోసమూ కాచుకోనక్కరలేదు. ఈ ఏర్పాటు ఆ వూళ్ళో చెల్లింది. సముద్రం వెంట ఏడు కిలోమీటర్ల పొడుగున చదునైన నడకదారి వున్నది. దాన్ని ఇంగ్లీషువారి విహారవీథి అంటారు. దానిమీద నీలిరంగు కుర్చీలు వుంటాయి. ఎవరైనా కూర్చోవచ్చు, ఎంతసేపైనా కూర్చోవచ్చు. దారి తప్పుదామన్నా తప్పలేము. ఒక పక్క సముద్రం, ఒక పక్క వూరు.

ఆ దారి పుట్టుక కూడా ముచ్చటైనది. చలికాలం గడపడానికి నీస్ వచ్చే ఇంగ్లీషువారు 1820లలో చందాలు వేసుకుని, పనిలేని పేదలకు కూలి యిచ్చి దాన్ని వేయించారు. అప్పటికి నీస్ ఫ్రాన్సులో లేదు, 1860లో కలిసింది. ఆ రోజుల్లో అక్కడికి వచ్చినవారు ఈతకు రాలేదు. ఎక్కువమంది చలికి తట్టుకోలేని వృద్ధులు, రోగులు. విక్టోరియా మహారాణి కూడా 1890లలో, ముసలితనంలో, అక్కడి సిమియే కొండమీద బస చేసింది. అంటే, మెల్లగా నడిచేవారిని దృష్టిలో పెట్టుకుని పెరిగిన వూరన్నమాట. 2021లో దాన్ని యునెస్కో వారు చలికాలపు విడిది నగరంగానే గుర్తించారు.

లోపాలు లేకపోలేదు. తీరాన ఇసుక లేదు, గుండ్రని రాళ్ళు. రబ్బరు చెప్పులు లేకుండా అడుగు వేయలేము. మే నెలాఖరున నీళ్ళు ఇంకా చల్లగానే వున్నాయి. మెత్తని తీరం కావాలన్నవారు రైలులో కొద్ది నిముషాల దూరంలోని విల్‌ఫ్రాంష్ వెళ్ళవచ్చు. మా ఇల్లాళ్ళు ముగ్గురూ రెండు రోజులు అక్కడే గడిపారు. నేను సిమియే కొండకు బస్సులో వెళ్ళి మతీస్ చిత్రశాల చూసి వచ్చాను. ఆయన 1917లో నీస్ చేరి, 1954లో అక్కడే కన్నుమూశాడు. ఆ వెలుతురు చూస్తే ఆయన ఎందుకు వుండిపోయాడో అర్థమవుతుంది.

పిన్నిగారి సంగతి చెప్పాలి. ఆమె రోజూ పొద్దున్నే ఒంటరిగా వెళ్ళి నీలి కుర్చీలో కూర్చునేవారు. మూడవ రోజున పాతవూళ్ళో పూలూ కూరగాయలూ అమ్మే సంతకు కూడా వెళ్ళి, చేతిలో వేడివేడి కాగితపు పొట్లంతో తిరిగివచ్చారు. "శనగపిండి అట్టర్రా! మిరియాలపొడి కూడా చల్లి యిచ్చారు" అన్నారు. దాన్ని అక్కడ సోక్కా అంటారు. శనగపిండి, నీళ్ళు, ఆలివు నూనె, ఉప్పు కలిపి పెద్ద పళ్ళెంలో పోసి పొయ్యిలో కాలుస్తారు. గుడ్డు కలవదు. పన్నెండు రోజులుగా రొట్టే జామూ తిన్న ఆమె మా అందరినీ వెంటబెట్టుకుని ఆ అంగడికి దారి చూపించారు. మొత్తం ప్రయాణంలో ఆమె ముందు నడవగా మేము వెనుక నడిచింది అదొక్కరోజే.

ఆ సాయంత్రం ఎనిమిదిన్నర దాటినా ఇంకా వెలుతురు వున్నది. అక్కడ ఆ రోజుల్లో సూర్యుడు తొమ్మిది గంటలకు గాని అస్తమించడు. చరిత్ర ఆయన తూర్పున వున్న గుట్టను చూపించి, దానిమీది కోటను 1706లో పధ్నాలుగవ లూయీ కూలగొట్టించాడని నాతో చెబుతున్నాడు. రెండు కుర్చీల అవతల నుంచి లెక్కల మాస్టారు, "దానిమీదికి లిఫ్టు వున్నదట. రేపు పిన్నిని కూడా తీసుకువెళదామా?" అన్నాడు. చరిత్ర ఆయన తన కుర్చీని అటు తిప్పుకున్నాడు. వెనిస్ రేవు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

నీస్‌కే వెళ్ళమని నేననను. ఎవరి దారిని బట్టి వారి మజిలీ. వూరు చదునుగా వుండాలి. విమానాశ్రయం గాని రైలు గాని దగ్గరలో వుండాలి. చూచి తీరవలసినవి తక్కువగా, కూర్చోవలసిన చోట్లు ఎక్కువగా వుండాలి. ఒక్కరే బయటికి వెళ్ళి ఒక్కరే తిరిగి రాగలగాలి. అన్నిటికంటె ముందు, మీ గుంపులో అందరికన్న మెల్లగా నడిచేవారిని కూర్చోబెట్టుకుని ఒక్కొక్క వూరి పేరే చదవండి. ఏ పేరు దగ్గర "నేను గదిలో వుంటానులే" అన్న మాట వస్తుందో ఆ పేరు కొట్టివేయండి. మిగిలిన వూరికి టిక్కెట్లు కొనండి.